రంగేసిన ఇంజన్ను నమ్మి
'పాత జీపు ఇంజనుకు బోరింగు (అరిగిన సిలిండర్లను బాగుచేయించడం) దండగ, తుక్కు అంగట్లో ఇంకో ఇంజన్ తెచ్చి దించేయండి, రెండ్రోజుల్లో బండి రోడ్డెక్కుతుంది' అన్న మాట నేను ఒప్పుకోను. రెండ్రోజుల సంగతి నిజమే, ఆ తర్వాతి సంగతే ఎవరూ చెప్పరు. మాది కళ్యాణదుర్గం పక్కన. మా నాయనది మహీంద్రా ఎంఎం 540 జీపు, అందులో ప్యూజో ఎక్స్‌డీపీ డీజిల్ ఇంజన్, 2112 సీసీ. ఏళ్ల తరబడి తిరిగి అరిగిపోయింది, ఆయిల్ చూసే కడ్డీ (డిప్‌స్టిక్) పీకితే పొగ గుప్పుమనేది, చెనక్కాయ మూటలేస్తే మిట్ట ఎక్కేది కాదు. నేనూ తెలివిగా పాత ఇంజనే తెచ్చినా. డీజిల్‌తో కడిగి, వెండి రంగు కొట్టి, పెండ్లికొడుకు మాదిరి పెట్టినారు. మూడు నెలలకు ఆయిల్ ప్రెషర్ పడిపోయింది. ఇంజన్ కింది ఆయిల్ తొట్టి (సంపు) విప్పితే అడుగున వేలికి అంటుకునే మెరుపు పొడి, అంతా బేరింగులదే. చివరికి మూలన పడేసిన మా ఇంజన్నే అనంతపురం లేతు షాపుకు మోసి లైనర్లు (సిలిండర్ల లోపలి గొట్టాలు), పిస్టన్లు మార్పించి, క్రాంక్ గ్రైండింగ్ (పిస్టన్లు తిప్పే ఇరుసును సాన పట్టడం), డీజిల్ పంపు క్యాలిబ్రేషన్ (సరిచూసి కొలతకు పెట్టడం) చేయించినా. బ్లాకు పగిలినా, క్రాంకు ఆఖరి అండర్‌సైజు దాటి ఇక సాన పట్టలేనంత సన్నబడినా మార్చక తప్పదు, అది వేరే. ఇంకోటి, ఇంజన్ నంబరు మారితే ఆర్సీలో ఎక్కించాల. తుక్కు ఇంజనుకు కాగితాలెక్కడివి?