పదేళ్ల కాపురం తరువాత గోత్రం అడిగారు

కూడికలు, తీసివేతలు చేయడానికి ఎంతటి యంత్రం కావాలన్న ప్రశ్నకు ఇన్నాళ్లూ సరైన జవాబు దొరకలేదు. వీధిబడి పంతులుగారు పలకా బలపం చాలన్నారు. కిరాణా కొట్టు గుమాస్తా వేళ్ల కణుపులే చాలని నిరూపించాడు. ఎట్టకేలకు కాలిఫోర్నియాలోని ఇన్‌ట్యూట్ కంపెనీ ఈ చిక్కుముడిని విప్పింది. 2025వ సంవత్సరపు ఆదాయానికి అమెరికా పన్ను రిటర్ను తయారుచేసే తన టర్బోటాక్స్ డెస్క్‌టాప్ (సొంత కంప్యూటర్లో వేసుకునే సాఫ్ట్‌వేర్) విండోస్ 10 మీద నడవదనీ, విండోస్ 11 ఉండి తీరాలనీ ఖాతాదారులకు తెలియజేసింది. కారణం కూడా మర్యాదగానే చెప్పింది: 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు మద్దతు ఆపేస్తోంది, కనుక మీ భద్రత దృష్ట్యా మేమూ ఆపేస్తున్నాం. మన క్షేమం గురించి ఇంతగా బెంగపెట్టుకునే మనిషి దగ్గరి చుట్టాల్లో కూడా దొరకడు.

విండోస్ 11 వేసుకుంటే పోయేదానికి ఇంత రాద్ధాంతమా అని అడిగేవారికి, ఆ విండోస్ 11 ఇంట్లోకి రావడానికి పెట్టే షరతులు తెలిసి ఉండవు. సంబంధం కలుపుకునే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలని మన పెద్దలు అన్నారు. మైక్రోసాఫ్ట్ వారు కంప్యూటర్లకు మెదడులాంటి ఇంటెల్ చిప్పుల వంశంలో ఏడు తరాలనూ శ్రద్ధగా చూసి, ఆ ఏడూ పనికిరావనీ, ఎనిమిదో తరం నుంచి మాత్రమే కలుపుకుంటామనీ తేల్చారు. ఏడో తరంలో ఏ కొన్నిటికో మినహాయింపు దొరికింది. వాటిలో మైక్రోసాఫ్ట్ స్వయంగా తయారుచేసి అమ్ముకున్న సర్ఫేస్ స్టూడియో 2 లోని చిప్పు ఒకటి. మేనరికానికి జాతకాలు ఎవరు చూస్తారు? విండోస్ 10 విడుదలైన 2015 నాటికే ఆ సంస్థ పగ్గాలు హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల చేతుల్లో ఉన్నాయి కాబట్టి, ఈ తరాల పట్టింపు అక్కడికి ఏ ఊరి నుంచి చేరిందోనని అనుమానించే హక్కు తెలుగువారికి ఉంది గాని, ఆ చర్చ ఇప్పుడు వద్దు.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక ఇల్లు ఉందనుకోండి. ఆ ఇంట్లో 2016లో కొన్న లాప్‌టాప్ ఒకటి, భోజనాల బల్ల మీద గోడవైపు మూల దాని చోటు. చార్జరు తీగకు నల్లటి టేపు చుట్టి ఉంటుంది, కీబోర్డు మీద కొన్ని అక్షరాలు అరిగి కనబడవు, ఫ్యాను తిరిగితే పిండిమర గుర్తొస్తుంది. అయినా ఏటా జనవరి నెలాఖరున టర్బోటాక్స్ కొత్త చీర కట్టుకుని ఆ ఇంటికి వచ్చేది, ఏప్రిల్ 15 లోగా ఇద్దరూ కలిసి కాగితాలన్నీ చక్కబెట్టేవారు. ఈ ఏడు ఆమెకు బదులు పుట్టింటి పెద్దమనుషులు వచ్చారు. కాఫీలు పుచ్చుకున్నారు. వారిలో పెద్దాయన కళ్లజోడు సవరించుకుని లాప్‌టాప్‌ను అడిగాడు:

"అబ్బాయీ, తమది ఏ తరం?"

"ఇంటెల్‌లో ఆరో తరం అండీ."

"విండోస్ 11 అడిగే భద్రతా భాగం, టీపీఎం 2.0 ఉందా?"

"ఉందండీ. వెలికితీసి చూపించమంటారా?"

"వద్దులే, ఉన్నా తరం కుదరలేదు కదా."

"పదేళ్లుగా కాపురం చేస్తున్నాం బాబాయిగారూ, ఇప్పుడా తరం అడగడం? నిరుడు పన్ను రిటర్ను ఫారం 1040 రెండు పేజీలూ నిమిషంలో నింపాను. ఇక్కడి బ్యాంకుల్లో వచ్చిన వడ్డీ కూడాను. హైదరాబాదు బ్యాంకులో ప్రవాసుల ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ మీద వచ్చిన వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కదా, ఇక్కడ మాత్రం ఎందుకు చూపించాలని మా ఇంటాయన గునిసినా వడ్డీలు చూపించే షెడ్యూల్ బి లో వేయించాను. ప్రవాసుల ఇంకో రకం ఖాతా ఎన్‌ఆర్‌ఓలో అక్కడ కోసుకున్న పన్నుకు, విదేశీ పన్ను మినహాయింపు కోరే ఫారం 1116 పెట్టి, ఇక్కడ తగ్గించాను. ఒక్క పైసా తేడా వచ్చిందా చెప్పండి."

"నీ పనితనాన్ని ఎవరు కాదన్నారు నాయనా, మేము అడుగుతున్నది వంశం."

"పోనీ, ఈ ఏడాది లెక్కల్లో నాకు చేతకానిది ఏమైనా వచ్చిందాండీ? కొత్త రకం కూడికలు ఏమైనా కనిపెట్టారా?"

పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కూడికలు పాతవే. వాళ్లలో కాస్త కుర్రవాడు, మార్కెటింగ్ విభాగం వాడు కాబోలు, గొంతు సవరించుకుని రాజీ మార్గం చెప్పాడు: "అంత బాధపడాల్సింది ఏముంది? ఇల్లరికం వచ్చేయండి. టర్బోటాక్స్ ఆన్‌లైన్ అని మా ఇల్లు చాలా పెద్దది. బ్రౌజరు తెరిచి, మీ జీతం కాగితాలు, బ్యాంకు వడ్డీలు, పిల్లల సోషల్ సెక్యూరిటీ నంబర్లు అన్నీ మూట కట్టుకుని మా సర్వర్లలో పెట్టేయండి. మీ వంశం గురించి ఇక ఎవరూ మాట్లాడరు."

అసలు సంగతి ఇక్కడ బయటపడింది. ఆరో తరం లాప్‌టాప్‌కు లెక్కలు చేసే అర్హత లేకపోయినా, మన ఇంటి లెక్కలను మోసుకెళ్లి వారి ఇంట్లో దించే అర్హత మాత్రం భేషుగ్గా ఉంది. టర్బోటాక్స్ డెస్క్‌టాప్ ఒక్కసారి కొంటే దానితో ఐదు ఫెడరల్ రిటర్నుల దాకా ఈ-ఫైల్ చేసుకోవచ్చు. ఇంటాయనది, వేసవిలో ఉద్యోగం చేసిన కూతురిది, గ్రీన్‌కార్డు మీద వచ్చి ఉంటున్న తల్లిదండ్రులది అన్నీ అందులోనే అయిపోతాయి. ఇల్లరికంలో ఎవరి ఖాతా వారిదే, ఎవరి రుసుము వారిదే. ఈ తేడా భద్రతకు సంబంధించినది కాదని చెప్పడానికి ఎనిమిదో తరం బుర్ర అక్కర్లేదు.

భద్రత అనే ఆ మాటను ఒకసారి నిలబెట్టి అడుగుదాం. మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసిందంటున్నారు గాని, అదే మైక్రోసాఫ్ట్ ముప్పై డాలర్లు కట్టినవారికీ, కట్టకుండా తన ఖాతాలో సెట్టింగులు దాచుకున్నవారికీ 2026 అక్టోబర్ 13 వరకు విండోస్ 10 భద్రతా మరమ్మతులు అందిస్తామని ప్రకటించింది. 2025 ఆదాయానికి రిటర్ను దాఖలు చేయవలసిన గడువు 2026 ఏప్రిల్ 15. ఫారం 4868 పెట్టి పొడిగింపు కోరుకున్న బద్ధకస్తులకు అక్టోబర్ 15. అంటే తాళం వేసిన ఇంట్లో, కాపలావాడు మేలుకునే ఉన్నంతసేపూ సాగే పన్ను కాలం ఇది. కాపలా కొరవడేది చివరి రెండు రోజులకే. ఆ రెండు రోజుల భయంతో ఏడాది మొత్తం తలుపు మూశారట! ఇది భద్రత కాదు, నయవంచన. ఏటా డబ్బు పోసి కొన్నవాడిని, తన కాగితాలు తన ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టినవాడిని, ఎవరి జోలికీ పోకుండా పాత యంత్రాన్ని టేపు చుట్టి కాపాడుకున్నవాడిని ఏరి మరీ శిక్షించడం ఇది. పింఛను మీద బతికే ముసలాయన చక్కగా నడుస్తున్న కంప్యూటరును చెత్తలో పారేసి, వందల డాలర్లు పోసి ఇంకొకటి కొనాలా, రెండు పేజీల ఫారం నింపడానికి? ఆ మాట చెప్పేటప్పుడు వారికి నోరెలా వచ్చింది?

క్షమించాలి, వ్యాసంలో గాంభీర్యం సడలింది. మళ్లీ సర్దుకుంటున్నాను.

ఇన్‌ట్యూట్ వారి మాటల మీద అనుమానం పెట్టుకోవడం మర్యాద కాదనుకునేవారు 2022 నాటి సంగతి గుర్తుచేసుకోవచ్చు. ఉచితం, ఉచితం అని ప్రకటనలు గుప్పించి జనాన్ని డబ్బు కట్టే వాకిట్లోకి తోలారన్న ఆరోపణ మీద, తప్పు ఒప్పుకోకుండానే, యాభై రాష్ట్రాలతోను, వాషింగ్టన్ డీసీతోను 141 మిలియన్ డాలర్లకు రాజీపడ్డారు. పోనీ వేరే వాకిలి ఉందా అంటే, ప్రభుత్వమే నేరుగా రిటర్ను దాఖలు చేసుకునేందుకు డైరెక్ట్ ఫైల్ అని సొంతంగా ఒకటి తెరిచింది. అది నడిచింది 2024లో పన్నెండు రాష్ట్రాల్లో, 2025లో ఇరవై అయిదు రాష్ట్రాల్లో, 2026కి సున్నా. జీతం ఎంతో యజమాని చెబుతాడు, వడ్డీ ఎంతో బ్యాంకు చెబుతుంది, ఇవన్నీ ముందే చేతిలో పెట్టుకున్న ప్రభుత్వం మళ్లీ మనల్ని లెక్క చెప్పమంటుంది, చెప్పే సాధనాన్ని మాత్రం బజారులో కొనుక్కోమంటుంది.

ఇక ఎడిసన్ ఇంట్లో పంచాయతీ తెగలేదు. పెద్దమనుషులు వెళ్లిపోయాక ఆ లాప్‌టాప్ ఊరికే ఉండలేక నిరుటి టర్బోటాక్స్‌ను తెరిచి చూసింది. 2024 ఎడిషన్ ఎప్పటిలాగే నవ్వుతూ తెరుచుకుంది. ఆరో తరం, విండోస్ 10, అన్నీ ఆమెకు సమ్మతమే. నిరుటి రిటర్నులో ఏదైనా పొరపాటు దొర్లి ఉంటే దాన్ని సవరించే 1040-ఎక్స్ ఫారం అక్కడే, ఆ బల్ల మీదే, ఆ అరిగిన కీబోర్డు మీదే దర్జాగా తయారుచేసుకోవచ్చు. ఇంటాయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు, నిరుడు తను చేసిన తప్పు ఏమైనా ఉందేమోనని ఆశగా వెతుకుతున్నాడు.