పక్కవాడి ప్రజ్ఞ: గ్యారీ నెవిల్ సేవలపై ఒక సవినయ నివేదిక

ఫుట్‌బాల్ గురించి మాట్లాడే హక్కు ఎవరికుంది అనే విషయంలో ఇంగ్లండ్‌లో ఇప్పుడు పెద్ద వాదనలేం లేవు. మాంచెస్టర్ యునైటెడ్ మాజీ డిఫెండర్, టీవీ విశ్లేషకుడు గ్యారీ నెవిల్‌కి ఉంది. ఆయన మంచినీళ్లు తాగేటప్పుడు మిగతావాళ్లు కూడా ఓ ముక్క మాట్లాడొచ్చు. ఈ హోదా ఊరికే వచ్చిందని కొందరికి కడుపుమంట, కానీ దీని వెనక ఎంత శ్రమ ఉందో, ముఖ్యంగా ఎన్ని ఓటములు ఉన్నాయో చూస్తే వాళ్లే నోరు మూసుకుంటారు.

ముందు ఆట సంగతి. తండ్రి పేరు నెవిల్ నెవిల్ (ఇంటిపేరు, పేరు ఒకటే పెట్టేసి ఖర్చు తగ్గించుకున్న కుటుంబం). 1992 నుంచి 2011 దాకా మాంచెస్టర్ యునైటెడ్‌కి తప్ప ఇంకో క్లబ్‌కి ఆడలేదు. 602 మ్యాచ్‌లు, 7 గోల్స్. ఇంగ్లండ్‌కి 85 మ్యాచ్‌లు, గోల్స్ సున్నా. పేరు కోసం గోల్ కొట్టాలనే చవకబారు కోరికకి దేశం తరఫున ఆయన ఒక్కసారి కూడా లొంగలేదన్నమాట.

ఆయన అసలు పని వేరు. బంతి బెకమ్ దగ్గర ఉంటుంది. నెవిల్ వెనక నుంచి టచ్‌లైన్ పట్టుకుని, ఇల్లు తగలబడుతోందని కబురొచ్చినట్టు పరిగెత్తి బెకమ్‌ని దాటి ముందుకెళ్తాడు. ఎదుటి డిఫెండర్ అరక్షణం అటు తిరుగుతాడు, బెకమ్‌కి ఆ అరక్షణం చాలు, క్రాస్ పడిపోతుంది, కెమెరాలో బెకమ్ జుట్టు కనిపిస్తుంది, స్టేడియం ఊగిపోతుంది. ఎవరూ బంతి ఇవ్వని నెవిల్ మాత్రం తల దించుకుని అంత దూరమూ మళ్లీ వెనక్కి నడుస్తాడు. దాదాపు పదేళ్లు ఇదే డ్యూటీ. తర్వాత టీవీ స్టూడియోలో పక్కనే కూర్చుని లివర్‌పూల్ మాజీ డిఫెండర్ జేమీ కారగర్, పెద్దయ్యాక గ్యారీ నెవిల్ అవ్వాలని ఏ పిల్లాడూ అనుకోడని మొహం మీదే అనేశాడు. లివర్‌పూల్ వాళ్ల నుంచి మర్యాద ఆశించడం మన తప్పు.

నిజానికి గొప్పవాళ్ల పక్కన నిలబడటం అనే విద్య ఆయనకి ఫుట్‌బాల్‌తో వచ్చింది కాదు. మనవాళ్లకి బాగా అర్థమయ్యే ఉదాహరణ ఒకటుంది. 1992లో గ్రీన్‌మౌంట్ అనే క్రికెట్ క్లబ్‌కి ఆడుతూ సెంచరీ కొట్టాడు. అవతలి ఎండ్‌లో ఎవరంటే, మాథ్యూ హేడెన్! ఆ రోజే బ్యాటు పట్టుకుని ఉండిపోతే ఇంగ్లండ్‌కి ఓ ఓపెనర్ దొరికేవాడేమో, ఇంగ్లిష్ టీవీకి కాస్త ప్రశాంతత దొరికేది.

ఇక దానధర్మాలు. 2000 జనవరిలో బ్రెజిల్‌లో క్లబ్ వరల్డ్ ఛాంపియన్‌షిప్, ప్రత్యర్థి వాస్కో డ గామా అనే బ్రెజిల్ క్లబ్. మారకానా స్టేడియంలో నెవిల్ రెండుసార్లు బంతిని వెనక్కి పంపబోయి నేరుగా రొమారియోకి సమర్పించాడు. రొమారియో రెండూ గోల్ చేశాడు, ఇచ్చినదాన్ని వద్దనడం మర్యాద కాదు కాబట్టి. 2006 అక్టోబర్‌లో జాగ్రెబ్‌లో క్రొయేషియా మీద ఇంకో బ్యాక్ పాస్. బంతి చిన్న గుంతలో పడి ఎగిరింది, గోల్‌కీపర్ పాల్ రాబిన్సన్ బంతిని వదిలేసి గాలిని గట్టిగా తన్నాడు, బంతి దాని దారిన అది గోల్‌లోకి వెళ్లిపోయింది. రికార్డుల్లో సెల్ఫ్ గోల్ నెవిల్ పేరు మీదే. దేశం కోసం కొట్టలేదన్న నింద కూడా ఆ విధంగా తొలగిపోయింది, ఏ దేశం అన్నది అప్రస్తుతం.

రిటైరైన ఏడాదే టీవీలోకి వచ్చాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, అద్భుతంగా చెప్తాడు. ఆ డిఫెండర్ భుజం ఎటు తిరిగి ఉంది, రెండడుగులు వెనక ఎందుకు ఉన్నాడు, ఫలానా సెకనులో ఎవరి వైపు చూశాడు అని స్క్రీన్ మీద గీతలు గీసి చూపిస్తుంటే, ఇండియాలో అర్ధరాత్రి దాటాక నిద్ర ఆపుకుంటూ చూసేవాళ్లకి కూడా మనమే ఆ తప్పు చేశామన్నంత గిల్టీగా ఉంటుంది. 2012లో బార్సిలోనా మీద చెల్సీ ఆటగాడు టోరెస్ గోల్ కొట్టినప్పుడు మాత్రం విశ్లేషణ ఆగిపోయి నెవిల్ గొంతులోంచి ఒక దీర్ఘమైన మూలుగు లాంటిది వచ్చింది. దాన్ని ఏ భాషలోకీ అనువదించలేం, కుటుంబంతో కలిసి చూస్తుంటే సౌండ్ తగ్గించుకోవడమే మార్గం.

ఇంత తెలిసినవాడికి జట్టు అప్పజెప్పకపోతే ఎలా? 2015 డిసెంబర్‌లో స్పెయిన్‌లోని వెలెన్సియా అప్పజెప్పింది. క్లబ్ ఓనరు పీటర్ లిమ్‌కి నెవిల్ వాళ్ల సాల్ఫర్డ్ సిటీ క్లబ్‌లో అప్పట్లో సగం వాటా ఉండేదనీ, తమ్ముడు ఫిల్ అప్పటికే వెలెన్సియాలో అసిస్టెంట్ కోచ్ అనీ కొందరు గుర్తు చేస్తారు. వాళ్లకి పనేం లేదు. స్పానిష్ రాదు, మేనేజర్‌గా పూర్వానుభవం లేదు, అంటే దురభిప్రాయాలు కూడా లేనట్టే కదా. ఫిబ్రవరిలో కాంప్ నౌ వెళ్లి కప్ సెమీఫైనల్లో బార్సిలోనా చేతిలో 7-0 తేడాతో ఓడాడు. సువారెజ్ నాలుగు, మెస్సీ మూడు, పంపకాల్లో గొడవ రాలేదు. లీగ్‌లో మొదటి గెలుపు రావడానికి ఫిబ్రవరి సగం దాకా ఆగాల్సి వచ్చింది. మార్చి 30న సాగనంపేశారు. ఆ జూన్‌లోనే యూరో కప్‌లో ఇంగ్లండ్ ఐస్‌లాండ్ చేతిలో ఓడింది, అప్పుడు ఇంగ్లండ్ మేనేజర్ హాడ్జ్‌సన్ పక్కన బెంచీ మీద కోచ్‌గా ఉన్నది కూడా మన నెవిలే.

వేరే ఏ వృత్తిలో అయినా ఇలా జరిగితే మనిషి ఓ రెండేళ్లు ఫోన్ ఎత్తడు. నెవిల్ ఆ ఏడాదే తిన్నగా స్టూడియోకి వచ్చి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. పైగా గౌరవం పెరిగింది. మునుపు ఆయనకి డిఫెన్స్ ఎలా చేయాలో మాత్రమే తెలుసు, ఇప్పుడు ఎలా చేస్తే ఏడు పడతాయో కూడా స్వానుభవంతో తెలుసు, అంతటి అర్హత ఉన్న విశ్లేషకుడు ఇంకెక్కడ దొరుకుతాడు! 2021లో కొన్ని పెద్ద క్లబ్బులు తమకోసం తామే పెట్టుకోబోయిన యూరోపియన్ సూపర్ లీగ్ ప్రకటించిన ఆదివారం టీవీలో ఆయన నిప్పులు కక్కాడు, సొంత క్లబ్‌ని కూడా వదల్లేదు, మంగళవారం రాత్రికి ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ వెనక్కి తగ్గాయి. అది న్యాయమైన కోపమే, దాని మీద జోకులేం వేయను. మరుసటి ఏడాది వరల్డ్ కప్ అప్పుడు మాత్రం కతార్‌లో మానవ హక్కుల గురించి మాట్లాడాలంటే అక్కడికి వెళ్లి మాట్లాడాలని వాదిస్తూ కతార్ వాళ్ల ఛానల్లోనే కూర్చున్నాడు. అంత దగ్గర నుంచి విమర్శించే అవకాశం అందరికీ రాదు, వచ్చినా జీతంతో రాదు.

క్లబ్బులకి ఓపిక ఉండాలి, మేనేజర్లకి టైమ్ ఇవ్వాలి అనేది కూడా ఆయన సిద్ధాంతాల్లో ముఖ్యమైనదే. తన సొంత క్లబ్ సాల్ఫర్డ్‌ని రెండుసార్లు పై డివిజన్లకి తీసుకెళ్లిన మేనేజర్ గ్రాహమ్ అలెగ్జాండర్‌ని 2020 అక్టోబర్‌లో, ఆ సీజన్ లీగ్‌లో ఇంకా ఒక్క మ్యాచ్ కూడా ఓడకముందే, తీసేశారు. తర్వాత వచ్చిన రిచీ వెల్లెన్స్ నవంబర్‌లో చేరి మార్చిలో బయటికెళ్లాడు. వెలెన్సియా నెవిల్‌కి ఇచ్చింది నాలుగు నెలల లోపే కదా, ఆ లెక్కన వెల్లెన్స్‌కి కొన్ని వారాలు ఎక్కువే ఇచ్చారు.