అన్నిటికీ గుండెపోటేనా?

అనంతపురం జిల్లాలో వేరుశనగ చేలో తల పట్టుకుని కూలబడిన రైతు మరణం గురించి పాఠకులకు మళ్లీ చెప్పనక్కర్లేదు. పొద్దున ‘తలకాయ పగిలిపోతాంది’ అని మొత్తుకున్న మనిషికి గ్యాస్ పట్టిందని చెప్పి, సూది వేసి ఇంటికి పంపారు. సాయంత్రానికి స్పృహ తప్పింది. స్కాన్‌లో మెదడు చుట్టూ రక్తం కనబడ్డాక బెంగళూరుకు తీసుకుపోతుండగా 44వ జాతీయ రహదారి మీదే ప్రాణం పోయింది. ఆ ఫిల్ము ఉన్న కవరు ఇప్పటికీ కుటుంబం దగ్గరే ఉంది. మరణాల రిజిస్టరులో మాత్రం ‘గుండెపోటు’ అని రాశారు.

మెదడు అడుగున ఉండే ధమని గోడ ఒకచోట పలచబడి, పాత సైకిల్ ట్యూబులా ఉబ్బి, ఒక్కసారిగా పగిలితే రక్తం మెదడు పొరల మధ్యకు చిమ్ముతుంది. రక్తపోటు, పొగతాగడం ఈ ముప్పును పెంచుతాయి. పుర్రె సాగేది కాదు గనుక లోపల ఒత్తిడి పెరిగి, గుండె పంపే రక్తం మెదడుకు ఎక్కదు. ఊపిరిని నడిపించే కేంద్రాలు దెబ్బతింటాయి. ఇలాంటి రోగుల్లో నూటికి పది పదిహేను మంది ఆసుపత్రి చేరకముందే చనిపోతారు. అసలు తిరకాసు మరొకటుంది. మెదడులో రక్తస్రావమైనప్పుడు ఈసీజీ కూడా గుండెజబ్బు ఉన్నట్టే మారవచ్చు. అది చూసి గుండెపోటనుకుని రక్తం పలచబడే మందు ఇస్తే కారే రక్తాన్ని మరింత కారనిచ్చినట్టే. నిమిషంలోపే భరించరానంతగా పెరిగే తలనొప్పికి ఆరు గంటల్లోపు సీటీ స్కాన్ తీస్తే రక్తస్రావం దాదాపుగా తప్పించుకుపోదు. తొలి రోజునే మళ్లీ పగిలే ప్రమాదం ఎక్కువ కాబట్టి పొద్దున ఆ సూది వేసి ఇంటికి పంపడం వల్ల జరిగిన నష్టానికి వెల కట్టలేం.

పల్లెల్లో వైద్యులు తక్కువ, శవపరీక్షకు బంధువులు ఒప్పుకోరు అన్న అధికారుల మాటలో కొంత నిజముంది. కానీ ఇక్కడ శవపరీక్ష అవసరమే లేదు, కవరు విప్పి చదివితే చాలు. ఆసుపత్రిలో పోతే ఆ ఆసుపత్రే మరణ కారణాన్ని ధ్రువీకరించి ప్రతిని దగ్గరి బంధువుకు ఇవ్వాలని, బయట పోతే చివరి జబ్బుకు చికిత్స చేసిన వైద్యుడు ధ్రువీకరించాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ చెబుతోంది. చట్టం కాగితం మీద, ‘గుండెపోటు’ రిజిస్టరులో, ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇది ఒక్క పేజీతో పోయే తప్పయితే మేమింత రాయం. నడివయసు మనిషి హఠాత్తుగా పోతే ‘గుండెపోటు’, స్నానాల గదిలో పడి పోయినా ‘గుండెపోటు’, బైకు మీంచి పడి మూడు గంటలు బాగానే మాట్లాడి ఆపై నిద్రలోనే పోయినా ‘గుండెపోటు’ అని రాసుకుంటూ పోతే, మెదడులో రక్తస్రావంతో ఈ జిల్లాలో ఎవరూ చావనట్టే లెక్క తేలుతుంది. ఎవరూ చావని జబ్బుకు న్యూరోసర్జన్ ఎందుకు, రాత్రిపూట స్కాన్ ఎందుకు అని రేపు ఇదే ప్రభుత్వం అడుగుతుంది. తమకు కాస్త తల తిరిగితే హైదరాబాదుకో బెంగళూరుకో కారెక్కే నాయకులకు ఆ లెక్క ఎంతో సౌకర్యం.

తప్పుడు నమోదును సరిదిద్దే అధికారం అదే చట్టం రిజిస్ట్రారుకు ఇచ్చింది. ఆ కుటుంబాన్ని కవరు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరగమనకుండా, అధికారులే ఆ ఊరికి వెళ్లి, రిజిస్టరు తెరిచి ఆ మాటను సరిదిద్దాలి.