రాసిపెట్టుకో బావా

మా బావమరిది ఏ జోస్యం చెప్పినా చివర్లో ఒక ముద్ర గుద్దుతాడు: "రాసిపెట్టుకో బావా." ఈ మాట మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మీరు విని ఊరుకున్నారు. నేను నిజంగానే రాసిపెట్టుకున్నాను. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని, అట్ట మీద 'హైదరాబాద్ జట్ల కాలజ్ఞానం' అని పేరు కూడా పెట్టాను. ఇవాళ దాన్ని జాతికి అంకితం చేస్తున్నాను.

2021 నవంబర్. "రషీద్ ఖాన్ ఎక్కడికీ పోడు. రాసిపెట్టుకో." మన ఐపీఎల్ క్రికెట్ జట్టు సన్‌రైజర్స్ ఆ ఏడాది అట్టేపెట్టుకున్నది విలియమ్సన్‌ని, సమద్‌ని, ఉమ్రాన్ మాలిక్‌ని. రషీద్ గుజరాత్‌కు వెళ్లి, మే నెల పోకముందే కప్పు ఎత్తాడు. "పోతాడని నేను ముందే చెప్పానా లేదా?" అన్నాడు మా వాడు. పుస్తకం చూశాను. చెప్పలేదు.

2022 డిసెంబర్. వేలంలో సన్‌రైజర్స్ కొన్న హ్యారీ బ్రూక్, 13.25 కోట్లు. "ఆరెంజ్ క్యాప్ మన కొంపలోనే ఉంటుంది బావా." సీజన్‌లో అందరికంటే ఎక్కువ పరుగులు చేసినవాడికిచ్చే టోపీ అది. బ్రూక్ ఒక మ్యాచ్‌లో సెంచరీ కొట్టాడు, కాదనను. మిగతా పది మ్యాచ్‌లూ కలిపి తొంభై.

2023 డిసెంబర్. కమిన్స్‌కి 20.50 కోట్లు. "డబ్బు తీసుకెళ్లి మూసీలో పోశారు." ఆ మూసీలో పోసిన డబ్బే మరుసటి ఏడాది జట్టును ఫైనల్‌కి మోసుకెళ్లింది. ఫైనల్లో 113కే కూలిపోయారు, అది వేరే ఏడుపు. "కెప్టెన్ అంటే అతనే అని నేను ముందే..." సరే, మీకూ తెలిసిన పాటే.

ఇవన్నీ ఒక ఎత్తు, 2024 నవంబర్ 24 ఒక ఎత్తు. జెడ్డాలో మెగా వేలం. మా హాల్లో సోఫా మధ్యలో బావమరిది, చేతిలో విసనకర్ర. చలికాలంలో విసనకర్ర ఏమిట్రా అంటే, అది ప్యాడిల్, వేలంలో పాట పాడటానికి ఎత్తే పలక అన్నాడు. ఒళ్లో ఎవరిదో శుభలేఖ, దాని వెనక లెక్కలు. పర్సు, అంటే జట్టు ఆటగాళ్ల మీద ఖర్చుపెట్టగలిగే సొమ్ము, 120 కోట్లు. అట్టేపెట్టుకున్నవాళ్లకి: క్లాసెన్ 23, కమిన్స్ 18, హెడ్ 14, అభిషేక్ 14, నితీశ్ రెడ్డి 6. పోను మిగిలింది 45. ఉగాది పంచాంగంలో ఆదాయ వ్యయాలు కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ చూసుకోరు.

రిషబ్ పంత్ పేరు పిలిచారు. విసనకర్ర లేచింది. పది కోట్లు, లేచే ఉంది. ఇరవై కోట్లు, ఇంకా లేచే ఉంది. కరెంటు పోయిందేమో అనుకుని మా అత్తగారు కిటికీ తలుపులు తీశారు. సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ వచ్చి, మెయింటెనెన్స్ రెండు నెలలు బాకీ ఉందని గుర్తుచేశాడు. ఆ బాకీ మా ఫ్లాటుది కాదు, పై అంతస్తులో మా వాడు ఉంటున్న ఫ్లాటుది. బావమరిది టీవీ మీంచి చూపు తిప్పకుండా, "పర్సులో లేవు, వచ్చే నెల చూద్దాం" అన్నాడు. పంత్ 27 కోట్లకు లక్నో పోయాడు. అప్పుడు విసనకర్ర నెమ్మదిగా దించి, చెమట తుడుచుకుని, నా వైపు వంగి రహస్యంగా చెప్పాడు: "కావాలనే పెంచి వదిలేశా బావా. లక్నో పర్సు ఖాళీ." వాచ్‌మన్ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. అతను కూడా పాపం తలూపాడు.

కబడ్డీ పేజీల్లోకి వెళ్లను, మనసు ఒప్పదు. పవన్ సెహ్రావత్‌ని తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల పైచిలుకు పెట్టి తెచ్చుకున్నప్పుడు "ఈసారి కప్పు మనదే" అని రాయించాడు. ఆ సీజన్‌లో మనవాళ్లు పన్నెండు జట్లలో పన్నెండోవాళ్లు.

ఇంత గొప్ప దివ్యదృష్టికి కనబడనివి కూడా ఉన్నాయి. 2009లో ఐపీఎల్ కప్పు తెచ్చిన డెక్కన్ చార్జర్స్ 2012లో జట్టుకు జట్టే మాయమైంది. 2022లో ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, మూడేళ్లకు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఏ ఆటగాణ్ని రిలీజ్ చేయాలో, అంటే వదులుకోవాలో, మా వాడిలాంటివాళ్లు లెక్కలు వేస్తుండగా ఊరినే రిలీజ్ చేసి పారేశారు.

పుస్తకంలో మొదటి పేజీ ఒకటుంది. ఇంతసేపూ దాన్ని దాటేస్తూ వచ్చాను. 2019, మన హైదరాబాద్ బౌలర్ సిరాజ్ బెంగళూరుకు ఆడుతూ బాగా పరుగులిచ్చుకున్న రోజులు. "వీడి పనైపోయింది. వాళ్ల నాన్నతో కలిసి ఆటో నడుపుకోమను. రాసిపెట్టుకో." ఈ మాట మా వాడొక్కడే అనలేదు. జనం తనను అలాగే అన్నారని తర్వాత సిరాజే చెప్పుకున్నాడు. ఆటో నడపడం ఎప్పట్నుంచి తిట్టయిందిరా? ఆటో తోలి కొడుకుని భారత జట్టుదాకా పంపిన మనిషి ఆయన. మీరు సోఫా మీంచి లేచి మంచినీళ్లు కూడా తెచ్చుకోరు. ఆ తండ్రి 2020 నవంబర్‌లో పోతే, ఆఖరి చూపుకు కూడా రాకుండా ఆస్ట్రేలియాలోనే ఉండి, బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ఐదుగురిని పడగొట్టాడు ఆ కుర్రాడు. ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు. మన గల్లీల్లో పెరిగినవాణ్ని మన నోటితోనే రిలీజ్ చేసిన సిగ్గులేని జాతి మనది.

2025 ఏప్రిల్ 6న అతను గుజరాత్ జెర్సీలో ఉప్పల్‌కు వచ్చాడు. 17 పరుగులిచ్చి నాలుగు వికెట్లు. మా బావమరిది ఎగిరి గంతేశాడు. "మన హైదరాబాద్ పిల్లగాడు బావా! పైకొస్తాడని నేను ముందే చెప్పానా లేదా?"

లోపలికెళ్లి పుస్తకం తెచ్చి, మొదటి పేజీ తెరిచి ఒళ్లో పెట్టాను. చాలాసేపు చూశాడు. కళ్లజోడు మర్చిపోయి వచ్చానన్నాడు.

వాడికి కళ్లజోడు లేదు.