మైనరైతే ఏమీ కాదా? గ్రూపుల్లో తిరుగుతున్న ఆ మెసేజ్‌కు జవాబు

ఇంటర్ అడ్మిషన్ల రోజులొస్తే చాలు, ఆ మెసేజ్ మళ్లీ లేస్తుంది. "తల్లిదండ్రులకు ముఖ్య సమాచారం: 18 నిండని పిల్లలపై ఏ కేసూ నిలవదు" అని మొదలవుతుంది. కింద ఆరు పాయింట్లు, చివర "పది గ్రూపులకు పంపండి". అపార్ట్‌మెంట్ గ్రూపు, స్కూలు గ్రూపు, చుట్టాల గ్రూపు, ఎక్కడ చూసినా అదే. పంపేవాళ్లలో పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లూ ఉన్నారు. ఆ ఆరింటిలో నిజం ఒక్కటే. ఇంకొకటి సగం నిజం. మిగిలినవి నమ్మినవాళ్లు కోర్టుల చుట్టూ తిరగాల్సిందే.

మొదటి పాయింటు: "గేర్ లేని స్కూటర్ 16 ఏళ్లకే నడపొచ్చు, పట్టుబడితే 500 చలానా." మోటారు వాహనాల చట్టం 16 ఏళ్లకు అనుమతించింది 50 సీసీ మించని బండికి, అదీ లైసెన్సుతో. ఇంట్లో ఉన్న యాక్టివా, జూపిటర్ 110 సీసీకి అటూఇటూ ఉంటాయి. ఎక్సెల్ కూడా 100 సీసీ దగ్గర. అంటే మీ వీధిలో ట్యూషన్‌కి వెళ్లే పిల్లల చేతిలోని బళ్లలో ఈ మినహాయింపు కిందికి వచ్చేది దాదాపు లేదు. ఎలక్ట్రిక్ బండి అంటారా? 250 వాట్ల లోపు మోటారుండి, 25 కిలోమీటర్ల వేగం దాటని వాటికే లైసెన్సు అక్కర్లేదు. షాపువాడు స్పీడ్ లాక్ తీసేసి ఇచ్చిన రోజే ఆ మినహాయింపు పోయింది.

ఇక ఆ 500. 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ మెసేజ్ రాసినవాడు చూడనే లేదు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే దోషి తల్లో తండ్రో, లేదా ఆర్సీ ఎవరి పేరున ఉందో వాళ్లు. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు కాదు కదా, ఎల్‌ఎల్‌ఆర్ కూడా ఇవ్వరు. డిగ్రీ అయిపోయి, బండి మీద తిరిగే ఉద్యోగం వచ్చే వయసులో వాడి చేతిలో లైసెన్సు ఉండదు. మేనమామ పేరు మీదున్న బండి ఇస్తే కేసు మేనమామకు.

"తెలియకుండా తాళం తీసుకెళ్లాడని చెప్పండి" అని సలహా కూడా ఇచ్చారు. మీ అనుమతితోనే తీసుకెళ్లాడని కోర్టు ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేయాల్సింది మీరే. రోజూ కాలేజీ గేటు దగ్గర సీసీ కెమెరాలో పడుతున్న బండికి, పుట్టినరోజుకి తాళం చేతిలో పెట్టి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్న బండికి "తెలియదు" అన్న మాట నిలబడుతుందా?

రెండో పాయింటే నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది: "ప్రమాదం జరిగినా భయం లేదు. పుణేలో ఇద్దరు చనిపోతే వ్యాసం రాయించి వదిలేశారు. డబ్బు ఇన్సూరెన్స్ చూసుకుంటుంది." 2024 మే 19 తెల్లవారుజామున పుణేలో ఒక మైనర్ నడిపిన కారు గుద్దితే ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. 300 పదాల వ్యాసం షరతుతో ఆ పిల్లాడికి గంటల్లో బెయిలు వచ్చిన మాటా నిజమే. మెసేజ్ అక్కడే ఆగిపోయింది. రెండు రోజుల్లో తండ్రి అరెస్టు. తర్వాత తాత. రక్త నమూనా మార్పించారన్న ఆరోపణ మీద తల్లి, ప్రభుత్వాసుపత్రి డాక్టర్లు. తల్లీ తండ్రీ నెలల తరబడి జైల్లో ఉన్నారు. దీన్ని "ఏమీ కాలేదు" అని పిల్లలకు చెప్పేవాళ్లకు ఏం చెప్పాలి!

ఇన్సూరెన్స్ సంగతి ఇంకా ఘోరం. లైసెన్సు లేనివాడి చేతికి బండి ఇవ్వడం పాలసీ షరతును తప్పడమే. ఇలాంటి కేసుల్లో ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ సాధారణంగా కంపెనీని ముందు బాధితులకు కట్టమని, ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకోమని చెబుతుంది. ఎంత సొమ్ము? లెక్క వేద్దాం. చనిపోయిన మనిషికి 28 ఏళ్లు, నెలకు 25 వేల సంపాదన, భార్య, ఇద్దరు పిల్లలు. ఏడాదికి 3 లక్షలు. సొంత పనో, స్థిర జీతమో అయితే భవిష్యత్తు పెరుగుదలకు 40 శాతం కలిపితే 4.2 లక్షలు. సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే 2.8 లక్షలు. ఆ వయసుకు గుణకం, అంటే ఏడాది సొమ్మును హెచ్చవేసే సంఖ్య, 17. మొత్తం 47 లక్షల 60 వేలు. అంత్యక్రియల ఖర్చులూ అవీ, పైన వడ్డీ వేరే. కట్టకపోతే కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయొచ్చు. అంటే ఇల్లు, పొలం జప్తు. పాల ప్యాకెట్ తెమ్మని పదిహేనేళ్ల పిల్లాడికి తాళం ఇచ్చిన తండ్రి, తెలియకుండానే తన ఇంటి కాగితాలు పందెం కాశాడు.

మూడోది: "మైనర్‌ను లాకప్‌లో వేయకూడదు, రికార్డు మిగలదు." ఇది నిజం. నిజమే కాదు, మెసేజ్ చెప్పినదానికంటే ఎక్కువే నిజం. బేడీలు వేయకూడదు, యూనిఫాంలో విచారించకూడదు, 24 గంటల్లో మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుంచాలి. చిన్న నేరాలకూ మధ్యరకం నేరాలకూ అసలు ఎఫ్‌ఐఆరే కట్టకూడదు. జనరల్ డైరీలో రాసుకుని, పిల్లాడి ఇంటి పరిస్థితుల మీద నివేదిక తయారుచేసి బోర్డుకు పంపాలి. స్టేషన్లో రాత్రంతా కూర్చోబెడితే ఇవి అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. తప్పు చేసిన పిల్లాడికి ఇంకో దారి మిగల్చాలని జువెనైల్ జస్టిస్ చట్టం అనుకోవడం మంచిదే. తప్పు చేయమని ఇచ్చిన లైసెన్సుగా దాన్ని చూపించడమే దుర్మార్గం.

ఒక మెలిక ఉంది. నేరంలో పెద్దవాళ్లు కలిసి ఉంటే ఎఫ్‌ఐఆర్ తప్పదు. ఇంటర్ సెకండియర్ హాస్టల్ గది చూడండి: నలుగురిలో ఒకడికి నవంబర్‌లోనే 18 నిండుతుంది. డిసెంబర్‌లో నలుగురూ కలిసి జూనియర్‌ను కొడితే ముగ్గురు బోర్డుకు, ఒకడు మామూలు కోర్టుకు. వాడి పేరుతో పాటు అందరి పేర్లూ ఎఫ్‌ఐఆర్‌లోకి.

నాలుగోది, ఆ సగం నిజం: "ఆధార్‌లో 18 నిండకపోతే ఎంత పెద్ద కేసైనా మూడేళ్ల హోమే." కనీస శిక్ష ఏడేళ్లు, అంతకు మించి ఉన్న నేరాన్ని 16 దాటిన పిల్లాడు చేస్తే, వాడి మానసిక స్థితిని, పర్యవసానాలు తెలిసే చేశాడా అన్నదాన్ని బోర్డు పరిశీలించి, పెద్దవాడిలా విచారించమని చిల్డ్రన్స్ కోర్టుకు పంపగలదు. ఉరి ఉండదు, విడుదలకు అవకాశం లేని యావజ్జీవం ఉండదు. మిగతా శిక్షలుంటాయి. అలా శిక్ష పడితే రికార్డు చెరిగే వెసులుబాటూ పోతుంది. వయసుకు ముందుగా చూసేది ఆధార్ కాదు, స్కూలు రికార్డు, టెన్త్ మెమో. ఒకటో తరగతిలో తొందరగా చేర్చడానికి పుట్టిన తేదీ ఏడాది ముందుకు జరిపి రాయించినవాళ్లు మనలో ఎందరో. ఆ పిల్లలు కాగితం మీద ఏడాది ముందే పెద్దవాళ్లవుతున్నారు.

అయిదోది: "ఇద్దరూ ఇష్టపడితే కేసు కాదు, పెళ్లి చేస్తే సమసిపోతుంది." పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో కింద 18 లోపు ఇష్టానికి విలువ లేదు. శారీరక సంబంధం దాకా వెళ్తే కనీసం పదేళ్లు, అమ్మాయికి 16 నిండకపోతే కనీసం ఇరవై. అబ్బాయికీ 17 ఏళ్లే అయినా పైన చెప్పిన పరిశీలన తప్పదు. ఇంట్లోంచి తీసుకెళ్తే కిడ్నాప్ అదనం. ఎవరూ ఫిర్యాదు చేయకపోతే? పదిహేడేళ్ల గర్భిణి ఆసుపత్రికి వచ్చి వయసు రాయించగానే పోలీసులకు చెప్పడం డాక్టరు బాధ్యత. చెప్పకపోతే ఆయనే నేరస్థుడు. పెళ్లి చేస్తే సమసిపోదు సరికదా, బాల్యవివాహ నిషేధ చట్టం కింద రెండు వైపుల పెద్దల మీదా కొత్త కేసు: రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా.

ఒకటి ఒప్పుకుంటాను. ఒకే ఈడు పిల్లల ప్రేమ మీద ఈ చట్టం మోపే బరువు ఎక్కువే. 2025 మేలో సుప్రీంకోర్టు బెంగాల్ పోక్సో కేసు ఒకదానిలో తన ప్రత్యేక అధికారంతో దోషికి శిక్ష వేయకుండా వదిలింది, అప్పటికి అతడూ ఆ అమ్మాయీ భార్యాభర్తలు, బిడ్డ కూడా ఉంది. ఆ ఒక్క ఇంటికి ఆ ఊరట సుప్రీంకోర్టు దాకా వెళ్తేగానీ దొరకలేదు. చట్టం మారాలని అడగండి, తప్పులేదు. మారేదాకా ఇవాళ ఉన్న చట్టాన్నే పిల్లలకు చెప్పండి.

చివరిది: "గంజాయి కిలో లోపు, ఫోన్‌లో ఫొటోలు కేసు కాదు." కిలో అనేది శిక్ష ఎంతో చెప్పే గీత, కేసు ఉందా లేదా అని కాదు. కిలో లోపైనా ఏడాది వరకు జైలు ఉంది. క్లాస్‌మేట్ నగ్న ఫొటో ఫార్వర్డ్ చేస్తే ఐటీ చట్టం 67బి: అయిదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. తీసేయకుండా, ఎవరికీ చెప్పకుండా దాచుకున్నా పోక్సోలో వేరే సెక్షన్ ఉంది. సిమ్ నాన్న పేరు మీదైతే పోలీసులు ముందు తలుపు తట్టేది నాన్ననే.

ఇప్పటికే కేసులో ఇరుక్కున్న ఇళ్లకు ఒక మాట. "మైనరే కదా, యాభై వేలిస్తే మాఫీ చేయిస్తా" అని స్టేషన్ బయట తిరిగేవాళ్లకు పైసా ఇవ్వకండి. ఆదాయంతో పని లేకుండా పిల్లలకు ఉచితంగా లాయరును ఇవ్వాలని చట్టమే చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. టెన్త్ మెమో జిరాక్స్ వెంట ఉంచుకోండి, మొదట అడిగేది అదే.