కళ్లజోడు ఇచ్చి వదిలేస్తే సరా?

పాతికేళ్ల కిందట మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు ఒక సర్వే చేశారు. ఏడు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలు నాలుగు వేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. అద్దాలు లేకుండా చూస్తే, రెండు కళ్లలో మెరుగైన కన్ను కూడా సరిగా ఆననివారు 2.7 శాతం. అద్దాలున్న పిల్లల్ని అవి పెట్టుకునే చూడమంటే 2.6 శాతం. సరైన అద్దాలు అమర్చి చూస్తే ఆ సంఖ్య 0.8 శాతం దగ్గరికి దిగిపోయింది. 2.7కీ 2.6కీ మధ్య ఉన్న ఆ పిసరంత తేడాయే మన పల్లె బడుల కథంతా చెబుతుంది. అద్దాలు కావలసిన పిల్లల్లో దాదాపు ఎవరికీ అద్దాలు లేవు.

అవి సెల్‌ఫోన్లు పల్లెకు చేరని రోజులు. ఆ తర్వాత పరిస్థితి మెరుగుపడలేదు. నాలుగు దశాబ్దాల అధ్యయనాలను కలిపి 2020లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం, దేశంలో బడి పిల్లల్లో హ్రస్వదృష్టి (దూరంలోవి మసగ్గా కనిపించే లోపం) పట్టణాల్లో 8.5 శాతం, పల్లెల్లో 6.1 శాతం. పట్టణం కన్నా పల్లె నయమనిపించే ఈ లెక్కే పల్లెకు చేటు చేస్తోంది. అరవై మంది చదివే ఊరి బడిలో సైటున్న పిల్లలు ముగ్గురో నలుగురో ఉంటారు. ఆ కొద్దిమంది టీచరు కంట పడరు, అధికారుల లెక్కలకూ ఆనరు. పట్టణంలో అయితే పిల్ల టీవీకి దగ్గరగా జరిగిందంటే తల్లికి టెన్షన్ మొదలవుతుంది. వీధి చివరే కళ్లద్దాల షాపు ఉంటుంది. పల్లెలో అద్దాల కోసం టౌనుకు వెళ్లాలంటే ఒక రోజు కూలి, ఇద్దరికి బస్సు చార్జీ పోవాలి. కొన్ని వందల్లో వచ్చే జోడు కన్నా ఆ ప్రయాణమే భారం.

అసలు చిక్కు ఏమిటంటే, పిల్లవాడు తనకు కనిపించడం లేదని చెప్పడు. లోకమంతా అందరికీ అలాగే మసగ్గా కనిపిస్తుందని అనుకుంటాడు. పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటాడు, ముందు బెంచీకి జరుగుతాడు, సాయంత్రానికి తలనొప్పి అంటాడు. ఇంట్లో అది బడి ఎగ్గొట్టే సాకు అంటారు, బడిలో ధ్యాస లేదంటారు. చివరికి మొద్దు అన్న పేరు పడుతుంది. ఒక కన్ను బాగుండి రెండోది మందంగా ఉన్న పిల్లల సంగతి ఇంకా దారుణం. బాగున్న కన్ను రెండో కంటి లోటును కప్పేస్తుంది. వాడకం లేని ఆ కంటిని మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. లేజీ ఐ అంటున్నది దీన్నే. ఏడెనిమిదేళ్ల లోపు పసిగడితే అద్దాలతో, మంచి కంటికి పట్టీ వేసి రెండో కంటితో చూసేలా చేసి చాలావరకు దారికి తేవచ్చు. ఆలస్యమయ్యే కొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. ఒక్కో కన్నూ మూసి విడిగా చూడకపోతే ఇది బయటపడదు. మెల్లకన్ను అదృష్టమని మురిసిపోయే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి ఆ మాటా చెప్పుకోవాలి. మెల్లకన్ను ఉన్న పిల్లను వెంటనే డాక్టరుకు చూపించాలి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన కంటి వెలుగు పథకం బడి పిల్లలతోనే శ్రీకారం చుట్టుకుంది. తొలి దశలో దాదాపు 66 లక్షల మంది విద్యార్థులకు ప్రాథమిక పరీక్షలు చేశారు. నాలుగు లక్షల మందికి పైగా పిల్లలకు మరింత పరీక్ష అవసరమని తేల్చారు, లక్షన్నర మందికి పైగా జోళ్లు ఇచ్చారు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ఒకసారి, 2023 జనవరి 18న ఖమ్మంలో మరోసారి అదే పేరుతో కార్యక్రమం చేపట్టి ఊరూరా శిబిరాలు పెట్టారు. ఇంత పెద్ద ఎత్తున కంటి పరీక్షలు జరపడం చిన్న విషయం కాదు. ఆ మెచ్చుకోలు ఇచ్చాకే మా అభ్యంతరం.

శిబిరం పెద్దల చత్వారానికి సరిపోతుంది. నలభై దాటినవారికి అక్కడికక్కడే పెట్టెలోంచి రీడింగ్ అద్దాలు తీసి ఇవ్వవచ్చు, ఆ జోడు కొన్నేళ్లు నడుస్తుంది. పిల్లల కళ్లు అలా కావు. చిన్నపిల్లల కంటి కండరం బిగబట్టి చూపును సర్దేస్తుంది కాబట్టి చాలామందికి చుక్కల మందు వేసి, కాసేపు ఆగి కొలవాలి. అప్పుడుగానీ అసలు నంబరు తేలదు. ముఖానికి సరిపడే ఫ్రేము చూడాలి, జారే ఫ్రేము ఇస్తే వారంలో పక్కన పడేస్తారు. ఎదిగే వయసులో కనుగుడ్డు కూడా పెరుగుతుంది, దాంతో సైటూ పెరుగుతుంది. మూడో తరగతిలో ఇచ్చిన జోడు ఐదో తరగతికి వచ్చేసరికి చాలకపోవచ్చు. ఈలోగా అది ఆటలో విరగవచ్చు. విరిగితే ఎవరిని అడగాలో ఆ ఇంటికి తెలియదు. 2019లో జోడు అందుకున్న పిల్లలకు కొన్ని నెలలు తిరక్కుండానే కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. పాఠాలు ఫోను తెర మీదికి వెళ్లాయి. కళ్లను మళ్లీ చూడాల్సిన సమయంలోనే చూసేవారు లేకుండా పోయారు.

ఏటా బడికి వెళ్లాల్సిన బృందాలు కాగితం మీద లేకపోలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉండే బృందం ఏడాదికోసారి ప్రతి సర్కారు బడికీ వెళ్లాలి. గుండె, పళ్లు, చెవి, రక్తహీనత సహా ముప్పై రకాల లోపాల్ని వెతకాల్సిన ఆ బృందం ఒక్కో పిల్ల కంటికి కేటాయించగలిగేది నిమిషాలే. లోపం కనిపిస్తే జిల్లా కేంద్రానికి వెళ్లమని కాగితం రాస్తారు. ఆ కాగితం పుచ్చుకున్న ఎందరు పిల్లలు నిజంగా వెళ్లారో, ఎందరికి అద్దాలు అమరాయో బడిలో రికార్డు ఉండాలి. దీనికి పనిగట్టుకుని కొత్త యాప్ పెట్టనక్కర్లేదు. మరుగుదొడ్ల ఫొటోలు కూడా టీచర్లతోనే అప్‌లోడ్ చేయించిన చరిత్ర మనది. హాజరు పట్టీలో పేరు పక్కన ఒక గడి చాలు.

తొలి వడపోత టీచరే చేయగలరు. ఆరు మీటర్ల దూరం కొలిచి గీత గీసి, ఇంగ్లీషు ‘E’ అక్షరాల చార్టు గోడకు తగిలించి, ఒక్కో కన్నూ మూయించి చూడటానికి డాక్టరు అక్కర్లేదు. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం ఈ పద్ధతినే ఎప్పటినుంచో చెబుతోంది. కష్టం ఆ తర్వాతి మెట్టు దగ్గర ఉంది. చార్టులో తప్పిన పిల్లను పక్కాగా పరీక్షించే మనిషి మండలంలోనే ఉండాలి. ఎల్వీ ప్రసాద్ సంస్థ సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున పెట్టిన విజన్ సెంటర్లలో స్థానిక యువతకే ఏడాది శిక్షణ ఇచ్చి ఈ పని అప్పగించింది. మన గడ్డ మీదే పుట్టి నడుస్తున్న ఏర్పాటు ఇది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు దాన్ని విస్తరించకపోవడానికి డబ్బు సాకు చెప్పలేరు.

ఇక పిల్లలు జోడు పెట్టుకోకపోవడం. సోడాబుడ్డి అని వెక్కిరింత, ఆడపిల్లకైతే సంబంధాలు రావన్న భయం. ఆ మహబూబ్‌నగర్ సర్వేలోనే హ్రస్వదృష్టి ఆడపిల్లల్లో ఎక్కువగా కనిపించింది. అవసరం ఎక్కువున్నవారికే అడ్డంకులూ ఎక్కువ. ఊరి ముందు జోళ్లు పంచి ఫొటోలు దిగే బదులు, తల్లిని బడికి పిలిచి, ఆమె ఎదుటే పిల్లచేత అద్దాలు పెట్టుకోక ముందు, పెట్టుకున్నాక బోర్డు చదివిస్తే పది ఉపన్యాసాల పని చేస్తుంది. ఎండ వెలుతురులో రోజూ ఆడుకునే పిల్లలకు హ్రస్వదృష్టి ముప్పు తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆటల పీరియడ్‌ను లెక్కల క్లాసుగా మార్చే హెడ్‌మాస్టర్లు ఇది గమనించాలి.

ఏటా జూన్‌లో బడులు తెరిచేటప్పుడు పుస్తకాలు, యూనిఫాం సిద్ధంగా ఉండాలని రెండు రాష్ట్రాలూ నెలల ముందే టెండర్లు పిలుస్తాయి. కళ్లజోడునూ ఆ జాబితాలో చేర్చాలి. జూన్‌లో చార్టు పరీక్ష, జూలైలో మండలంలోనే నిపుణుల పరీక్ష, ఆగస్టు 15 లోపు పిల్ల చేతికి జోడు, విరిగితే అదే ఏడాది మరొకటి. ఇది వైద్య శాఖ పనా, విద్యా శాఖ పనా అన్న వాదులాటలో ఇన్నాళ్లూ ఫైళ్లు నలిగాయి. ఎవరు జవాబుదారో జిల్లాకు ఒక అధికారి హోదాతో సహా ఉత్తర్వులో రాయాలి. ఎందరికి పరీక్ష చేశారన్న లెక్కతో ఆగకుండా, ఏడాది చివర ఎందరు పిల్లలు అద్దాలు పెట్టుకుని క్లాసులో కూర్చున్నారన్న లెక్కను ఆ అధికారి నుంచి అడగాలి.