మరగని సీసం నుంచి ఆవిరి రాదన్న వాదనకు ఖండన

అమెరికాలో వేటకో, గురి సాధనకో తుపాకీ వాడేవారిలో కొందరు తూటాలను ఇంట్లోనే పోత పోసుకుంటారు; అక్కడ స్థిరపడిన తెలుగువారిలోనూ ఈ వ్యాపకం పట్టుకున్నవారు ఉన్నారు. సొంత వాడకానికి చేసుకున్నంత వరకు అక్కడి సమాఖ్య చట్టం లైసెన్సు అడగదు; అమ్మకం వ్యాపారంగా పెట్టుకుంటే అడుగుతుంది. భారతదేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం నేరం కాబట్టి ఇక్కడ చెప్పేదంతా అమెరికా ఇళ్ళ గురించే.

కొత్తగా ఈ పనిలోకి దిగేవారికి అందరూ చెప్పే మాట ఒకటుంది. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, 1749 డిగ్రీలు దాటితేగాని మరగదు. మరగనిదే ఆవిరి పుట్టదు. కాబట్టి వంటింటి పొయ్యి మీద పాత గిన్నె పెట్టి కరిగించినా ముప్పు లేదు. పాత సీసం ఏది దొరికినా పనికొస్తుంది. సీసం కరిగించడానికే చేసిన విద్యుత్ కొలిమికి డబ్బు పెట్టడం దండగ. ఒకవేళ కొన్నా, అడుగు నుంచి ధార పడే పెద్ద కొలిమి కొని, డయల్ ఒక అంకె దగ్గర పెట్టి వదిలేస్తే చాలు. ఇందులో ఆ రెండు ఉష్ణోగ్రతలు నిజం. వాటి మీద కట్టిన నిర్ణయాలు నిలవవు. ఈ మాట నమ్మి ఒక మిత్రుడు వంటింట్లోనే సీసం కరిగించడం నేను చూశాను. పక్క గదిలో అతని బిడ్డ ఇంకా పాకే వయసులో ఉంది. ఇది రాయడానికి కారణం అదే.

మొదట ఆవిరి సంగతి. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అయినా దండెం మీద ఆరేసిన చీర 30 డిగ్రీల ఎండలోనే ఆరిపోతుంది. మరగడం వేరు, ఆవిరవడం వేరు. ద్రవం ఏదైనా మరిగే స్థితికి ఎంతో ముందు నుంచే తన ఉపరితలం మీదుగా కొంత ఆవిరిని వదులుతూ ఉంటుంది, ఆ కొంత ఎంతన్నది ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. సీసపు ఆవిరి పీడనం 705 డిగ్రీల దగ్గర ఒక పాస్కల్‌కు చేరుతుంది. వాతావరణ పీడనంలో ఇది లక్షో వంతు మాత్రమే. అయినా ఆ స్థితిలో సీసాన్ని ఆనుకుని ఉన్న గాలి ఆవిరితో నిండితే, ఘనమీటరుకు దాదాపు 25 మిల్లీగ్రాముల సీసం ఉన్నట్టు లెక్క తేలుతుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 8 గంటల పనిదినానికి సగటున అనుమతించే హద్దు ఘనమీటరుకు 50 మైక్రోగ్రాములు. అంటే మరిగే స్థానానికి వెయ్యి డిగ్రీలు దిగువనే ఆ హద్దుకు 500 రెట్లు.

ఇదే లెక్కను పోతపని జరిగే ఉష్ణోగ్రతలకు దించి చూడాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. 400 డిగ్రీల దగ్గర ఆ పరిమాణం ఒకటి, ఒకటిన్నర మైక్రోగ్రాములకు మించదు. 500 డిగ్రీలకు చేరేసరికి సుమారు 75 మైక్రోగ్రాములవుతుంది. ఇవి లోహపు ఉపరితలాన్ని ఆనుకున్న గాలికి చెందిన అంకెలు. గదిలోకి వచ్చేసరికి పలచబడతాయి, కాబట్టి వీటిని చూసి బెదరనక్కర్లేదు. కానీ నూరు డిగ్రీల తేడాలో ఆవిరి యాభై రెట్లకు పైగా పెరిగిందన్నది గమనించాలి. అనుభవజ్ఞులు 340 నుంచి 400 డిగ్రీల మధ్యే పోత పోయమనడంలో, 480 దాటనివ్వవద్దనడంలో ఉన్న అర్థం ఇదే. 1749 అన్న అంకె ఈ పనిలో ఎక్కడా అక్కరకు రాదు. 400 దగ్గర ఆగే ఏర్పాటు ఉందా లేదా అన్నదే ప్రశ్న, కొలిమి కొనేది ఆ ఏర్పాటు కోసమే.

పైగా ఈ వాదన ఆవిరి గురించే మాట్లాడి, అంతకంటే పెద్ద దారిని మరుగున పడేస్తోంది. కరిగిన సీసం మీద నిరంతరం తెట్టు కడుతుంది. దాన్ని గరిటెతో తీసి పక్కన పోసినప్పుడు మిగిలే బూడిదరంగు పొడిలో సీసపు ఆక్సైడు ఉంటుంది. అది మెత్తగా ఉండి చేతులకు, చొక్కాకు, చెప్పులకు అంటుకుంటుంది. అక్కడి నుంచి అన్నం ముద్దలోకి, తివాచీ మీదికి, తివాచీ మీద ఆడుకునే పిల్లల నోటికి చేరుతుంది. ఒంట్లోకి చేరిన సీసం రక్తంలో సగానికి తగ్గడానికి నెల రోజులు పడితే, ఎముకల్లో దశాబ్దాలు నిలిచిపోతుంది. పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు ఉంటేనే పట్టించుకోవలసిన స్థాయిగా అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 నుంచి లెక్కిస్తోంది. అంతకుముందు ఆ అంకె 5. కొవ్వొత్తి మైనమో, రంపపు పొట్టో వేసి కలిపితే మలినాలన్నీ కాలిపోతాయన్న మాట కూడా ఈ వాదన వెంటే తిరుగుతూ ఉంటుంది. మైనం చేసేది ఆక్సైడులో కొంత భాగాన్ని తిరిగి లోహంగా మార్చడం, సీసంలో కలిసి ఉన్న తగరం వృథా కాకుండా కాపాడడం. మిగిలిన మసిలో సీసం ఉంటూనే ఉంటుంది. కిటికీ తెరిచినంత మాత్రాన ఈ పొడి ఎక్కడికీ పోదు. (కోస్తాలో వలలకు సీసపు గుళ్ళు పోసుకునే మత్స్యకారుల ఇళ్ళలోనూ ఈ పొడి విషయంలో ఇదే జాగ్రత్త అవసరం.)

వంటింటి పొయ్యి, పాత గిన్నె విషయానికి వస్తే, ముందు బరువు చూడాలి. లీటరు నీళ్ళు పట్టే గిన్నెలో కరిగిన సీసం పోస్తే పదిన్నర కిలోలకు పైగా తూగుతుంది. ఆ గిన్నె పిడిని ఎవరూ ఆ బరువు కోసం బిగించలేదు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుందని ధైర్యం చెప్పేవారున్నారు. కానీ అది కరగడానికి చాలా ముందే బలం కోల్పోయి మెత్తబడుతుంది, కింద గ్యాసు మంట నేరుగా తగిలే చోట లోపలి సీసం కంటే గిన్నె అడుగే ఎక్కువ వేడిగా ఉంటుంది. ఇక వంటింట్లో ఎప్పుడూ ఉండేది నీరు. ఒక మిల్లీలీటరు నీరు ఆవిరైతే దాదాపు 1.7 లీటర్ల చోటు కావాలి. తడి గరిటె ముంచినా, చెమ్మ పట్టిన సీసపు దిమ్మ వేసినా, ఆ నీరు లోహం అడుగున చిక్కుకుని ఒక్కసారిగా ఆవిరై కరిగిన సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. ఆరుబయట, ప్రొపేన్ పొయ్యి మీద, దళసరి ఇనుప పాత్రలో ముతక సీసాన్ని శుభ్రం చేసి దిమ్మలు పోసుకునే పద్ధతి ఉంది, అది సరైనదే. కానీ ఆ పాత్ర మళ్ళీ వంటింట్లోకి రాకూడదు.

ఏ పాత సీసమైనా పనికొస్తుందన్న మాటకు సమాధానం సూటిగానే చెప్పవచ్చు. బ్యాటరీ పలకలను ముట్టుకోకూడదు. ఆమ్లం ఒక్కటే కాదు, పలకల్లో కలిసిన కాల్షియం, ఆర్సెనిక్ తెట్టులోకి చేరి, ఆ తెట్టుకు తేమ తగిలితే ఆర్సీన్ అనే ప్రాణాంతక వాయువు పుట్టవచ్చు. కారు చక్రాలకు బిగించే తూకపు బిళ్ళల్లో ఇప్పుడు జింకువి, ఉక్కువి ఎక్కువయ్యాయి. కాలిఫోర్నియా 2010 నుంచి సీసపు బిళ్ళలను నిషేధించింది. జింకు 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసం కంటే తేలిక. కాబట్టి ఉష్ణోగ్రతను 370 దాటనివ్వకపోతే జింకు బిళ్ళలు కరగకుండా పైకి తేలతాయి, ఏరి పారేయవచ్చు. మంట అదుపు తప్పి అవి కరిగితే లోహం గంజిలా చిక్కబడి అచ్చు మూలల్లోకి పారదు. కొలత లేని పొయ్యి మీద ఈ ఏరివేతకు వీలుండదు.

ఇక కొలిమి ఎంపిక. పెద్దదే మేలన్న సలహా మనిషి అవసరాన్ని అడగకుండా ఇచ్చేది. తూటాల బరువును గ్రెయిన్లలో చెబుతారు; ఒక పౌండు అంటే 7000 గ్రెయిన్లు. 150 గ్రెయిన్ల తూటాలు పోసేవారికి 10 పౌండ్ల పాత్రలోనే 460కి పైగా తూటాలకు సరిపడే సీసం ఉంటుంది. అడుగున కొంత వదిలేసినా నెలకు రెండు మూడు వందలు కాల్చేవారికి ఇది ధారాళం. ఆరేసి గుంతల అచ్చులతో ఒకే పూట వెయ్యి పోయాలనుకునేవారికి 20 పౌండ్ల పాత్ర కావాలి. ఆ పరిమాణాన్ని గది వేడి నుంచి 400 డిగ్రీలకు తేవడానికి సుమారు 650 కిలోజౌళ్ళు పడతాయి. లీ సంస్థ ప్రో 4-20 వంటి 700 వాట్ల కొలిమికి వృథా ఏమీ లేకపోయినా పావుగంట పని అది. సగం పరిమాణానికి అంత వాటేజీ అక్కర్లేదు.

అడుగు ధార అందరికీ మేలన్నదీ నిజం కాదు. ధారతో పని వేగంగా సాగుతుంది, పైన తేలే తెట్టు అచ్చులోకి రాదు. కానీ ఇసుక రేణువు ఒకటి కవాటంలో ఇరుక్కుంటే బొట్టు బొట్టుగా కారుతూనే ఉంటుంది. అందువల్ల ముతక సీసాన్ని అందులో ఎన్నడూ కరిగించకూడదు, ముందే వేరే పాత్రలో శుభ్రం చేసిన దిమ్మలే వేయాలి. నల్ల తుపాకిమందుతో పేల్చే పాత తరహా తుపాకులకు 500 గ్రెయిన్ల బరువైన తూటాలు ఒక్కొక్కటిగా పోసేవారిలో చాలామంది నేటికీ నోరు తెరిచిన పాత్ర, గరిటె వాడతారు. కొత్తవారికి కూడా నేను దాన్నే ముందు చెబుతాను: చెడిపోయే భాగం లేదు, ధర తక్కువ, లోహం స్థితి కళ్ళ ముందు ఉంటుంది.

డయల్ తిప్పి వదిలేయడం అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా. చవక కొలిముల డయల్ మీద ఉండే అంకెలు డిగ్రీలు కావు, విద్యుత్తు ఎంతసేపు పారాలో చెప్పే గుర్తులు. పోత సాగుతున్నకొద్దీ పాత్రలో సీసం తగ్గుతుంది, అందే వేడి మాత్రం తగ్గదు. మొదట 380 దగ్గర స్థిరంగా ఉన్న లోహం, డయల్ కదపకుండానే, సగానికి వచ్చేసరికి పైకి ఎక్కుతూ పోతుంది. పైన చెప్పిన 400, 500 డిగ్రీల తేడా ఇలాగే ఎవరికీ తెలియకుండా జరుగుతుంది. లైమన్ మాగ్ 25, ఆర్‌సీబీఎస్ ప్రో-మెల్ట్ 2 వంటి 25 పౌండ్ల కొలిముల్లో లోహం వేడిని కొలిచి సరిదిద్దే డిజిటల్ నియంత్రణ అందుకే పెట్టారు. అంత ఖర్చు పెట్టలేనివారు చవక పాత్రకే వేడిని కొలిచే థర్మోకపుల్ తీగను, ఆ కొలతను బట్టి విద్యుత్తును తానే సరిదిద్దే పి.ఐ.డి. నియంత్రకాన్ని విడిగా అమర్చుకోవచ్చు. అదీ కాకపోతే పోతపనికి చేసిన ముల్లు థర్మామీటరును లోహంలో ముంచి ఉంచాలి. డబ్బు పరిమితమైతే పరిమాణం తగ్గించుకుని థర్మామీటరు కొనాలి.

పాత్రలో సీసం మూడో వంతుకు దిగకముందే, అంచు మీద వేడెక్కించి చెమ్మ పోగొట్టిన దిమ్మలు మెల్లగా వేయాలి. కొలిమి వెలుగుతున్నంతసేపు మనిషి దగ్గరే ఉండాలి, తినడం, తాగడం ఆ చోట పనికిరాదు. పని ముగిశాక అడుగున అంగుళం లోహం వదిలితే మరుసటిసారి వేడి త్వరగా అందుకుంటుంది. తీసిన తెట్టును మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, పేరు రాసి, కౌంటీవారు ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే రోజున అప్పగించాలి. అంతవరకు ఆ డబ్బా పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి.